తొమ్మిదో తూములో పదకొండు లైన్లు

పోటు 32,741

దిగువలంకలో తారీకులు ఎవరికీ పట్టవు. రేవు దగ్గర గోడ మీద పెద్ద బోర్డు ఉంది. గోడ కట్టిన రోజు నుంచి సముద్రం ఎన్నిసార్లు పోటెత్తిందో ఆ అంకె అందులో వెలుగుతూ ఉంటుంది. రోజుకి ఇంచుమించు రెండు పోట్లు, అంటే ఆ అంకె రోజుకి రెండు చొప్పున పెరుగుతుంది. ఇక్కడ "ఎన్నాళ్ళుంటారు" అని అడగరు, "ఎన్ని పోట్లుంటారండీ" అంటారు. నేనూ ఈ డైరీని వాళ్ళ లెక్కలోనే రాస్తున్నాను. వచ్చిన ఊరికి తగ్గట్టు ఉండాలి కదా.

మా పడవ ఊళ్ళోని డాబాల కంటే ఎత్తులో ఆగింది. సముద్రం పైన, ఊరు కింద, మధ్యలో గోడ. ముప్పై ఆరు మెట్లు దిగితే గానీ ఊళ్ళో కాలు పెట్టలేం. ఆ గోడలో ఇరవై మూడు తూములున్నాయి. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, వాటి షట్టర్లు లేచి ఊరి మురుగునీ వాననీటినీ సముద్రంలోకి వదులుతాయి. పోటు రాబోతుండగా దిగి సముద్రాన్ని ఆపుతాయి. ఒక్క పోటుకి దిగకపోతే వీధుల్లో నడుములోతు నీళ్ళు. రెండు పోట్లకి దిగకపోతే డాబాలు మాత్రం కనబడతాయట. ఊళ్ళో తొమ్మిది వేల మంది ఉన్నారు.

లాకు సూపరింటెండెంటు భీమశంకరం గారు మెట్ల కింద ఎదురొచ్చారు. లావుపాటి మనిషి, నవ్వు మొహం. నా చేతిలోని పెట్టె వైపు అనుమానంగా చూశారు.

"ఇదేనాండీ జల్లెడంటే? ఇంతేనా?"

ఇంతే. టిఫిన్ క్యారియరంత ఉంటుంది. ఏ ప్రోగ్రాం అయినా ఇందులో పోస్తే లైను లైనూ చదివి, రేపు ఇంకొకరు వచ్చి దీన్ని అర్థం చేసుకుని, పాడుచేయకుండా మార్చగలరా అన్న ఒక్క ప్రశ్నకి జవాబు చెబుతుంది. నూటికి ఇన్ని మార్కులని వేస్తుంది. నలభై దాటితే ఊరి ప్రోగ్రాం ఊరిదే. నలభై రాకపోతే ఆ తూముల్ని కేంద్రం తీసుకుంటుంది. రెండు నెలల్లో కొత్త ప్రోగ్రాం పెట్టి, ఎక్కడి నుంచో నడుపుతుంది. అప్పుడిక లస్కర్లు అక్కర్లేదు. లస్కర్లంటే తూములు చూసుకునేవాళ్ళు, తూముకొకరు, కాపురం కూడా తూము పక్కనే. నేను తనిఖీ అధికారిని, నా పని చూసి, తేలినదాని మీద సంతకం చేయడం వరకే. ఎవరి ప్రోగ్రాంలోనూ నేను వేలు పెట్టకూడదు.

భోజనం అయ్యేసరికి జల్లెడ పని పూర్తిచేసింది. ముప్పై ఒకటి.

పోటు 32,743

ముప్పై ఒకటి ఎందుకొచ్చిందో పొద్దున్నంతా చదివాను. కడుపు నిండిపోయింది.

ఇరవై మూడు తూములకీ మొదట్లో ఒకటే ప్రోగ్రాం. దాన్ని ఇరవై మూడు కాపీలు తీసి తూముకొకటి ఇచ్చారు. ఆ తర్వాత ఏ కాపీ దారి దానిది. ఇక్కడ ఒక ఆనవాయితీ ఉంది. కొత్త లస్కరు తూము చేతికి తీసుకున్న రోజున, మొదటి పోటు రాకముందు, ప్రోగ్రాంలో తన చేత్తో ఒక్క మార్పు చెయ్యాలి. దీన్ని "చెయ్యి పెట్టడం" అంటారు. మనిషికి ఒకే చెయ్యి. రెండోసారి పెడితే తూము వదులుకున్నట్టే. దిగిపోయే లస్కరు తన తూము సంగతులన్నీ కొత్తవాళ్ళ చెవిలో చెబుతాడు. కాగితం మీద గానీ ప్రోగ్రాంలో గానీ రాయకూడదు.

"ఎందుకు రాయకూడదు?" అన్నాను.

"ముందు నుంచీ అంతేనండి," అన్నారు భీమశంకరం గారు.

నలభై ఆరేళ్ళుగా పెట్టిన చేతులన్నీ జల్లెడలో తేలాయి. ఒకాయన ఏమీ మారకుండా ఒక అంకెకి సున్నా కలిపాడు. ఒకావిడ గంట మోతను కోయిల కూత చేసింది. పద్దెనిమిదో తూములో ఒక మహానుభావుడు ఒకే పనిని రెండుసార్లు చేయించాడు, గట్టిగా ఉంటుందని కాబోలు. ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ ప్రతి కాపీలోనూ ఒక అంకె వేరేగా ఉంది. పోటుకి ఎన్ని నిమిషాల ముందు షట్టరు దిగడం మొదలుపెట్టాలన్న అంకె అది. ఒకచోట తొమ్మిది, ఒకచోట పదకొండు, ఐదో తూములో పదిహేడు, తొమ్మిదో తూములో పద్నాలుగు. ఎందుకో ఎక్కడా రాసిలేదు. కారణం లేని అంకె మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదన్నది జల్లెడ మొదటి నియమం.

అన్నిటికంటే వింత తొమ్మిదో తూములో ఉంది. అక్కడ మాత్రమే పదకొండు లైన్లు అదనం. "ఈ పోటు నంబరు కిందటి పోటు నంబరు కంటే తక్కువైతే" అని మొదలై, "మూసిన గుర్తు చెరిపి, మొదటి పోటులా ఎంచు" అని ముగుస్తాయి. జల్లెడ వాటి పక్కన ఎర్ర గుర్తు పెట్టింది: ఈ షరతు ఎప్పటికీ నిజం కాదు, తీసేయండి.

నిజమే కదా. పోట్ల లెక్క పెరుగుతుందే గానీ తగ్గుతుందా? ఇవాళ నిన్నటి కంటే ముందు ఎలా వస్తుంది? ఇంత తలాతోకా లేని మాట ఎవరు రాశారో చూడాలనిపించింది. నాకున్న రోగం ఇదొక్కటే, ఎందుకని అడగకుండా ఉండలేను.

పోటు 32,745

తొమ్మిదో తూము లస్కరు పేరు సుగుణరత్నం. నలభై లోపే ఉంటుంది. నేను వెళ్ళేసరికి సోలారు పలకల మీద పేరుకున్న ఉప్పు తుడుస్తోంది. ఈ ఊళ్ళో పొద్దున్నే అందరూ చేసే పని అదే. నా చేతికీ ఒక గుడ్డ ఇచ్చింది. తనిఖీకి వచ్చిన అధికారి చేత ఉప్పు తుడిపించిన మనిషిని ఇప్పుడే మొదటిసారి చూశాను. కోపం రాలేదు, ఇష్టం కలిగింది.

తూము మేనత్త ఎస్తేరు నుంచి వచ్చిందట. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆ పదకొండు లైన్ల సంగతి అడిగాను.

"అది మా అత్త సెయ్యండి," అంది.

"ఎందుకు పెట్టింది?"

"సెప్పకూడదండి."

"పద్నాలుగు నిమిషాలెందుకు?"

"అదీ సెప్పకూడదండి."

అలా అన్నప్పుడు నా వైపు చూడలేదు. అప్పటికే శుభ్రంగా ఉన్న పలకని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. బసకి తిరిగొచ్చి తొమ్మిదో తూము మార్పుల తేదీలు తీశాను. ఆఖరి మార్పు ఇరవై రెండేళ్ళ కిందటిది, అంటే ఎస్తేరుదే. సుగుణరత్నం అసలు చెయ్యే పెట్టలేదు. ఆనవాయితీ ప్రకారం ఆమె ఇంకా లస్కరే కాదు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలిసినట్టు లేదు.

ఎవరికీ చెప్పలేదు. అది నా జల్లెడ అడిగే ప్రశ్న కాదు.

పోటు 32,751

మూడు రోజులుగా ఆ పదకొండు లైన్లు నా తలకాయ తినేస్తున్నాయి. ఇవాళ రొయ్యల ఇగురు కలుపుకుంటూ కూడా అదే ఆలోచన. నంబరు తక్కువయ్యేది ఎప్పుడు? లెక్కపెట్టేవాడు తప్పు చేసినప్పుడు. ఇక్కడ లెక్కపెట్టేది ఎవరు? తూముల్లో షట్టర్లని నడిపే పాత కంట్రోలర్లు. చెయ్యి కడుక్కోకుండానే జల్లెడ ముందు కూర్చున్నాను.

జల్లెడ మొదటి రోజే ఇచ్చిన చిన్న హెచ్చరిక ఒకటి ఉంది, ఇరవై మూడు కాపీల్లోనూ: "అంకెకి ఇచ్చిన గడి ఇరుకు." ఇలాంటివి వందలు వస్తాయి కాబట్టి చదవకుండా దాటేశాను. ముప్పై ఏళ్ళ అనుభవమని ఊళ్ళో గొప్పలు చెప్పి, ఇక్కడ పప్పులో కాలేశాను.

ఆ కాలపు కంట్రోలర్లలో పోట్ల లెక్కకి ఇచ్చిన గడిలో 32,767 వరకే పడుతుంది. దానికి ఇంకొక్కటి కలిపితే 32,768 కాదు, మైనస్ 32,768 అవుతుంది. షట్టరు దిగాలా వద్దా అని ప్రోగ్రాం ఎలా తేలుస్తుందంటే, ఇప్పటి పోటు నంబరు ఆఖరుసారి మూసిన నంబరు కంటే పెద్దదైతే దింపు, లేకపోతే ఈ పోటుకి ఇప్పటికే మూసేశాం, ఊరుకో. మైనస్ అంకె దేని కంటే పెద్దది? ఇరవై రెండు షట్టర్లు ఊరుకుంటాయి.

తొమ్మిదో తూము ఒక్కటే దిగుతుంది. ఆ పదకొండు లైన్లు దాని కోసమే.

నమ్మకం కుదరక ఉత్తుత్తి తూము ఒకటి జల్లెడలో పెట్టి పోట్లు నడిపించాను. 32,766 కి దిగింది. 32,767 కి దిగింది. ఆ తర్వాతి పోటుకి షట్టరు పైనే ఉంది. ఎస్తేరు లైన్లు కలిపి మళ్ళీ నడిపించాను. దిగింది. భయం వేసింది గానీ, నిజం చెప్పాలంటే, దాని వెనకే ఒక ఆనందం కూడా కలిగింది. ఇరవై రెండేళ్ళ ముందే ఈ సంగతి కనిపెట్టిన ఆ మనిషిని చూడలేకపోయానే అనిపించింది. జల్లెడ లేకుండా, సోలారు పలకలు తుడుచుకుంటూ కనిపెట్టింది.

ఇంకా పదహారు పోట్లున్నాయి. ఆ తర్వాత వచ్చేది పౌర్ణమి పోటు.

పోటు 32,753

లాకు ఆఫీసు వరండాలో ఇరవై ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను.  చేత్తో దించుదామని ఒకరన్నారు. తూముకి పన్నెండు మంది కావాలి, మూడు గంటలు పడుతుంది, చక్రాలు సగం తుప్పు పట్టాయి. కేంద్రం ప్రోగ్రాం రెండు నెలలకి గానీ రాదు. పదకొండు లైన్లనూ మిగతా ఇరవై రెండింటిలో పెట్టడమే దారి. కానీ వాళ్ళలో ప్రతివాళ్ళూ చెయ్యి పెట్టేశారు. రెండో చెయ్యి పెడితే తూము వదులుకోవాలి.

పద్నాలుగో తూము లస్కరు ఇస్సాకు లేచాడు. అరవై దాటిన మనిషి.

"ఊరే మునిగిపోతంటే తూమేం సేసుకుంటావండీ. నేను వదిలేత్తాను," అన్నాడు. అని కూర్చున్నాక మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఉన్న ఇల్లు అది.

అప్పుడు జల్లెడ మొదటి రోజే అరిచి చెప్పిన మాట నోటికొచ్చింది. ఇరవై మూడు కాపీలెందుకు? ఒకటే ప్రోగ్రాం చేసుకుని, తూముకో అంకెను మాత్రం పక్కన పట్టీలో రాసుకుంటే చాలు. మార్కుల కోసం నేను ఏ ఊరికి వెళ్ళినా చెప్పే మాటే ఇది. ఇక్కడ మాత్రం చెబుతుంటే మార్కులు గుర్తుకే రాలేదు.

భీమశంకరం గారు బుగ్గ గోక్కున్నారు. "ఇరవై రెండు ప్రోగ్రాంలు మార్చాలంటే ఇరవై రెండు చేతులు కావాలి. ఒకటే ప్రోగ్రాం అయితే ఒక్క చెయ్యి చాలు. ఆనవాయితీ తప్పినట్టు కాదండి. కానీ ఆ ఒక్క చెయ్యి ఎవరిదండీ? అందరివీ అయిపోయాయి కదా."

"నాది ఉందండి," అంది సుగుణరత్నం.

అందరూ వెనక్కి తిరిగారు. ఆమె స్తంభం పక్కన నిలబడి ఉంది. కొంగు వేలికి చుట్టుకుని విప్పుతోంది.

"మా అత్త పడవలోనే పోయిందండి, ఉన్నట్టుండి. నాకేం సెప్పలేదు. పద్నాలుగెందుకో నాకు తెల్దు. ఆ లైన్లెందుకో ఇయ్యాల ఈ అమ్మగారు సెప్పేదాకా తెల్దు. తెలీకుండా సెయ్యెలా పెడతానండీ? పెట్టలేదు. మూడేళ్ళ నుంచి పెట్టేసినట్టే తిరుగుతున్నాను. ఎవరన్నా అడుగుతారేమోనని పెతి పోటుకీ భయవేనండి."

ఇక ఆమె పని అయిపోయిందనుకున్నాను. ఇస్సాకు గోడ వైపు నుంచి ఆమె వైపు తిరిగాడు.

"నా తూముకి తొమ్మిది నిమిషాలెందుకో నాకూ తెల్దమ్మా," అన్నాడు. "మా నాన్న సెప్పేడు. సిన్నోణ్ణి, సరిగ్గా ఇనలేదు. మళ్ళీ అడగడానికి సిగ్గేసింది."

రెండో తూము ఆవిడ తనకూ తెలియదంది. ఇరవయ్యో తూము అతను తెలియదన్నాడు. చేతులు ఒకటొకటిగా లేచాయి. లెక్కపెట్టాను. ఇరవై ముగ్గురిలో పదహారుగురికి తెలియదు. ఒకరి పక్కన ఒకరు బతుకుతూ, ఒకరికొకరు తెలియకుండా దాచుకున్నారు. ఎవరో ఒకరు పకపకా నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. సుగుణరత్నం మాత్రం ఏడ్చింది.

పోటు 32,758

ఇంత సరదాగా తనిఖీ ఎప్పుడూ చేయలేదు. తెలిసిన ఏడుగురూ మొదటిసారి పైకి చెప్పారు. మూడో తూము దగ్గర షట్టరు గాడిలో నాచు పట్టి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి పదమూడు. పదకొండో తూము బయట చేపల పడవలు ఆగుతాయి, అవి తప్పుకునే వ్యవధి ఇవ్వాలి. మిగతా పదహారింటి కోసం గుంపులుగా వెళ్ళి కర్రలు పాతి, పోటు నీళ్ళు ఎక్కడ ఎప్పుడు చేరుతున్నాయో గుర్తులు పెట్టాం. ఐదో తూము దగ్గర గోడ వంకర తిరిగి ఉండటం వల్ల నీళ్ళు ముందే ఎగబాకుతున్నాయి. పదిహేడు అందుకే. అది తెలిసినప్పుడు ఐదో తూము కుర్రది గట్టిగా కేక పెట్టింది, నేనూ పెట్టాను. తర్వాత చుట్టూ చూసి, అధికారిలా మొహం పెట్టుకున్నాను.

అందరూ నన్ను జల్లెడమ్మగారని పిలుస్తున్నారు. అసలు పేరు కుముదిని అని చెప్పినా ప్రయోజనం లేదు.

పోటు 32,763

ప్రోగ్రాం ఒకటైంది. లస్కర్లు చెప్పగా సుగుణరత్నం తన యంత్రంలో పక్కన పెట్టి రాసింది. ఇంకా తూముల్లోకి ఎక్కించలేదు. ఎక్కించడమే చెయ్యి పెట్టడం, అది పౌర్ణమి పోటు ముందు. మామూలుగా లస్కర్లు ఏదీ రాయరు గానీ, అంకెల పట్టీలో ప్రతి అంకె పక్కనా కారణం రాయాలని వరండాలో వాళ్ళే తీర్మానించుకున్నారు. తెలియని పదహారింటిలో మూడింటికి కారణాలు దొరికాయి. పదమూడింటికి దొరకలేదు. వాటి పక్కన ఆమె "కారణం తెలియదు" అని పదమూడుసార్లు రాసింది. మొదటిది తన పద్నాలుగు పక్కనే.

జల్లెడలో పోశాను. ముప్పై తొమ్మిది.

మళ్ళీ పోశాను. ముప్పై తొమ్మిదే. కాపీలు పోయినందుకు, పేర్లు పెట్టినందుకు బోలెడు మార్కులు కలిశాయి. కానీ వివరణలో "తెలియదు", "తర్వాత చూద్దాం" లాంటి మాటలుంటే జల్లెడ మార్కులు కోస్తుంది. పదమూడు తెలియదులకి కోత పడింది.

భీమశంకరం గారు నా చెవి దగ్గరికి వంగారు. "ఏదో ఒకటి రాసేద్దామండీ. గాలివాటం వల్ల అని రాస్తే మీ జల్లెడకి తెలుస్తుందాండీ?"

తెలియదు. జల్లెడ వివరణ ఉందో లేదో చూస్తుంది, నిజమో కాదో చూడదు. పదమూడు గాలివాటాలు రాస్తే నలభై నాలుగొస్తుంది. ఆ మాట పైకి అనలేదు గానీ కాదని కూడా అనలేదు. ఇరవై మూడు ఇళ్ళు కళ్ళ ముందు కనిపిస్తున్నాయి.

"వద్దండి," అంది సుగుణరత్నం.

"తూము పోతుందమ్మా," అన్నారాయన. "నీదే కాదు, అందరివీ."

"అబద్దం రాత్తే నా తర్వాత వచ్చేవోళ్ళు నమ్మేత్తారండి. తెల్దని రాత్తే ఎతుకుతారు. మా అత్త తెల్దని రాసున్నా నాకు మూడేళ్ళ భయం ఉండేది కాదు."

 ఆమె నా వైపు తిరిగింది.

"అన్నిటికీ ఎందుకని అడిగేరు కదండీ మీరు. మరి నలభై ఎందుకండీ? ముప్పై తొమ్మిదైతే ఏవవుద్ది?"

 ముప్పై ఏళ్ళుగా ఊరూరా చెప్పిన అంకె. నలభై కింద ఎన్ని ప్రోగ్రాంలు కొట్టేశానో, ఎన్ని ఊళ్ళ తూములు కేంద్రానికి అప్పగించానో లెక్కలేదు. నలభై ఎందుకో నాకు తెలియదు.

జల్లెడ లోపలి ప్రోగ్రాం తెరిచి చూశాను. 40 అని ఉంది. పక్కన ఏమీ లేదు.  అప్పటికప్పుడు మా శాఖకి ఉత్తరం పంపాను: నలభై ఎందుకు? కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు.

పోటు 32,767

చివరి మంచి పోటు. రాత్రి మామూలుగానే దిగాయట షట్టర్లన్నీ. తర్వాతి పోటు పొద్దున పదకొండు దాటాక.

పొద్దున్నే తొమ్మిదో తూము దగ్గరికి ఊరంతా వచ్చింది. చిన్నపిల్లల్నీ కదలలేనివాళ్ళనీ ముందే గోడ మీదికి ఎక్కించారు. సుగుణరత్నం తలస్నానం చేసి వచ్చింది. కీబోర్డు మీద చెయ్యి పెట్టి ఆగింది. 

"అమ్మగారూ, తప్పైతే?"

"ఉత్తుత్తి తూములో రెండొందలసార్లు నడిపించాం."

"ఉత్తుత్తిది కాదు కదండీ ఇది."

నిజమే. ఇస్సాకు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. మిగతావాళ్ళూ వచ్చి నిలబడ్డారు. ఆమె మీట నొక్కింది. ఇరవై మూడు తూముల్లో పాత కాపీలు పోయి కొత్తది ఎక్కింది. కోయిల కూత కూడా పోయింది, దానికి మాత్రం రెండో తూము ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తర్వాత లస్కర్లు ఎవరి తూము దగ్గరికి వాళ్ళు పరిగెత్తారు.

పోటు −32,768

రేవు బోర్డు మీద అంకె చిటుక్కున మారి ముందు చిన్న గీత వచ్చింది. జనంలోంచి ఒక్కసారిగా గొణుగుడు లేచింది. నేను షట్టరు వైపే చూస్తున్నాను. అది కదలలేదు. ఎన్ని క్షణాలో తెలియదు, నాకు మాత్రం చాలాసేపనిపించింది. గోడ అవతల నీళ్ళు పైకొస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

తర్వాత గంట మోగింది. షట్టరు దిగడం మొదలుపెట్టింది. సగం దిగేసరికి గోడ పొడుగునా ఒక్కో తూము నుంచీ కేక వస్తోంది. "ఐదు దిగింది!" "రెండు దిగింది!" పద్నాలుగు దగ్గర కాసేపు ఆలస్యమైంది, దాని అంకె తొమ్మిదే. ఇస్సాకు గొంతే వినిపించింది, "దిగిందండోయ్!" ఇరవై మూడూ దిగాయి.

సుగుణరత్నం గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. "మా అత్తకి సెప్పాలి," అంది. కాసేపటికి, "నిజంగా లస్కర్నయిపోయేనండి," అని నవ్వింది.

పోటు −32,765

శాఖ నుంచి జవాబు వచ్చింది. ఒకటే వాక్యం: "నలభై అన్నది ముందు నుంచీ ఉన్నది, కారణం ఫైలులో లభ్యం కాలేదు, ఫలితం నలభై లోపు ఉన్నందున తూములను అప్పగించే పత్రంపై సంతకం చేయగలరు."

పత్రం ముందు పెట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాను. తనిఖీ అధికారి సంతకమే ఆఖరు. శాఖ మళ్ళీ కలగజేసుకోవాలంటే ఏడాది ఆగాలి, కొత్త అధికారిని పంపాలి. మొదటిరోజు ఈ ప్రోగ్రాం చెత్త అని నవ్వుకున్నాను. నిజంగా చెత్తే. కానీ ఇవాళ అందులో ఏది ఎందుకుందో, ఏది ఎందుకుందో తెలియదో, రెండూ రాసి ఉన్నాయి. అంతమాత్రం నా జల్లెడలో కూడా లేదు.

అప్పగింత గడి కొట్టేసి, "తూములు ఊరివే" అన్న గడిలో సంతకం చేశాను. కింద కారణం రాయాల్సిన చోట రాశాను: "ఫలితం 39. హద్దు 40. హద్దుకి కారణం శాఖకి తెలియదు. కారణం లేని అంకె మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదన్నది జల్లెడ మొదటి నియమం."

సుగుణరత్నం పత్రాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి తన కోసం, రెండోసారి నా కోసం అనుకుంటాను. మొహంలో సంతోషం సగంలోనే ఆగిపోయింది.

"మరి మీకేవన్నా అవుద్దాండీ?"

ఆమెకి అబద్ధం చెప్పే మొహం నాకు లేదు.

"తెలియదు," అన్నాను.